మబ్బు లేని ఆకాశం కోసం ఫిన్లాండ్ నుంచి నార్వే దాకా – నా అనుభవం

నార్తర్న్ లైట్స్ (అరోరా అని కూడా అంటారు, ఉత్తరాన రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు) చూసొచ్చామని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, "కేపీ ఎంత ఉంది?" అని. కేపీ అంటే సున్నా నుంచి తొమ్మిది దాకా ఉండే ఒక అంకె, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లకల్లోలంగా ఉందో చెబుతుంది. యాప్‌లన్నీ దాన్నే పెద్దగా చూపిస్తాయి కాబట్టి జనం కూడా దాని వెంటే పడతారు. నన్నడిగితే ఫిన్లాండ్, నార్వేల ఉత్తర కొసన ఉండే ల్యాప్‌లాండ్‌కి వెళ్లేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అరోరా తరచుగా వచ్చే వలయం దాదాపు అక్కడి వాళ్ల నెత్తి మీదే ఉంటుంది, కేపీ ఒకటో రెండో ఉన్నా చాలు. ఎనిమిదీ తొమ్మిదీ కావాల్సింది మన లడఖ్ లాంటి చోట్లకి. 2024 మే నెలలో వచ్చిన సౌర తుఫానుకి హాన్లేలో ఆకాశం ఎర్రబడి కెమెరాలకు చిక్కింది చూడండి, అలాంటప్పుడు. ఉత్తరాన మాత్రం అసలు తలనొప్పి మబ్బు. మబ్బు పట్టిందా, పైన శివతాండవం జరుగుతున్నా కింద మనకి గుండు సున్నా. మేం టూర్ ప్యాకేజీ వద్దనుకుని కారు తీసుకోవడానికి కారణం ఇదొక్కటే. మబ్బు మన దగ్గర్నుంచి కదలకపోతే మనమే కదిలిపోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా ఆయన డిసెంబర్ అన్నారు, క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయని. కానీ ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో నవంబర్ చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే ఉదయించడు. హైదరాబాద్‌లో కుడి చేతి స్టీరింగ్‌కి అలవాటైన మనిషి, ఎడమ చేతి స్టీరింగ్‌తో, మంచు రోడ్డు మీద, పగలే లేని చోట కారు నడపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఫిబ్రవరి చివరికి అక్కడ తొమ్మిది పది గంటల పగలుంటుంది, రాత్రి చీకటికీ లోటుండదు. పైగా మార్చి, సెప్టెంబర్‌లలో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల చుట్టూ అరోరా కాస్త ఎక్కువగా వస్తుందంటారు. క్యాలెండర్ తిరగేస్తే శివరాత్రి తగిలింది. అమావాస్యకి ముందు రోజు కాబట్టి వెన్నెల గొడవ ఉండదు. "పండగ పూట దేశం కాని దేశంలో ఏం చేస్తారే?" అని మా అత్తగారు అడిగితే, "జాగారమే అత్తయ్యా, చలిలో" అన్నాను.

వీసా గురించి క్లుప్తంగా చెప్పేస్తా. ఫిన్లాండ్, నార్వే రెండూ షెంజెన్‌లోనే ఉన్నాయి కాబట్టి ఒకే వీసా సరిపోతుంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి పెట్టుకోవాలి, మాకది ఫిన్లాండ్. ఫీజు మనిషికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, ఆఫీసు నుంచి లీవ్ లెటర్... మామూలు తంతే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, హోటళ్లు ఎక్కడికక్కడ ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేలా బుక్ చేయండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్వాలేదు. ఎందుకో కింద మీకే తెలుస్తుంది. డ్రైవింగ్‌కి మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నాం, ఇద్దరం తీసుకున్నాం, ఒకళ్లకి నిద్రొస్తే ఇంకొకళ్లు నడపాలి కదా.

బట్టల దగ్గర మనవాళ్లు చేసేది ఒక్కటే లావుపాటి జాకెట్ కొని వెళ్లడం. అది సరిపోదు. ఒంటికి తగిలేది మెరీనో ఉన్ని, దాని మీద ఫ్లీసో స్వెటరో, పైన గాలీ మంచూ చొరబడనిది. కాటన్ బనీను మాత్రం సూట్‌కేసులోంచి తీసేయండి, చెమట పట్టి తడిస్తే ఇక ఆరదు, ఆ తడే వణికిస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి, లోపల రెండు జతల సాక్సులు పట్టాలి, వేళ్లు ఆడాలి. తిండి కోసం చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, చింతకాయ పచ్చడి, పులిహోర పేస్టు పట్టుకెళ్లాం. బియ్యం, పెరుగు అక్కడ ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. నేను శాకాహారిని, అక్కడ హోటల్ మెనూలో మొదటి వంటకం సాధారణంగా రెయిన్‌డీర్ మాంసం, కాబట్టి ఆ కుక్కరే నన్ను బతికించింది.

హెల్సింకీ మీదుగా రోవనియెమికి విమానంలో దిగి అక్కడే కారు తీసుకున్నాం. రోవనియెమి దాదాపు ఆర్కిటిక్ వృత్తం మీదే ఉంటుంది. చలికాలంలో అక్కడి అద్దె కార్లకి మేకుల టైర్లు ఉంటాయి, టైరు నిండా చిన్న చిన్న ఇనప మొనలు, ఐసు మీద కరకరమని పట్టుకుంటాయి. ఇంకో విషయం, కారు ముందు బంపర్ దగ్గర ఒక ప్లగ్గు ఉంటుంది. రాత్రి పార్కింగ్‌లో ఉండే కరెంటు స్తంభానికి దాన్ని వైరుతో కలిపితే ఇంజన్ వెచ్చగా ఉంటుంది, పొద్దున మైనస్ 25లో కూడా ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. ఆ వైరు డిక్కీలో ఉండాలి. పేరెందుకు గానీ మాకు కారిచ్చిన వాళ్లు పెట్టలేదు, "ఆ అవసరం రాదులెండి" అన్నట్టు చెప్పబోయారు, వైరు చేతికి వచ్చేదాకా మేం కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు. నార్వేకి కారు తీసుకెళ్లొచ్చని కాగితం మీద రాయించుకున్నాం కూడా. అద్దానికి రాళ్లు తగిలితే వర్తించే ఇన్సూరెన్స్ కూడా కట్టాం.

రోడ్డు ఎక్కాక మొదటి రోజు ఇనారీ దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో సొదన్‌క్యులా అనే ఊరుంది, అక్కడ 1913లో పెట్టిన ఒక భూభౌతిక అబ్జర్వేటరీ నడుస్తోంది, అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తూ. దాని గ్రాఫులు నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. గీత ఒక్కసారిగా కిందికి పడిందంటే అరోరా వచ్చినట్టే, బయటికి పరిగెత్తాలి. ఈ దారిలో భయపడాల్సింది జారే రోడ్డుకి కాదు, రెయిన్‌డీర్లకి. పక్కన నడుములోతు మంచులో నడవడం కన్నా రోడ్డు మీద నడవడం వాటికి సుఖం, కాబట్టి నింపాదిగా మధ్యలోనే నడుస్తాయి, హారన్ కొట్టినా మొహమాటం కొద్దీ కూడా పక్కకి తప్పుకోవు. ప్రతి దానికీ యజమాని ఉంటాడు, చెవికి కోసిన గుర్తుని బట్టి ఎవరిదో చెప్పేస్తారు. పొరపాటున గుద్దితే 112కి ఫోన్ చేసి తీరాలి. చీకటి పడ్డాక మా ఆయన అరవై దాటలేదు. వెనక వచ్చే లారీలకి దారిస్తూ పోయాం.

ఇనారీలో మంచు కురిసింది. మర్నాడు కూడా. పగలు సియిడా మ్యూజియంలో అక్కడి ఆదివాసీలైన సామీ వాళ్ల జీవితం గురించి చూశాం, సామీ పెద్దలు అరోరా కింద ఈల వేయొద్దని పిల్లలకి చెబుతారట, అది కిందికి దిగొచ్చి ఎత్తుకుపోతుందని. మనకి కూడా రాత్రి పూట ఈల వేస్తే పాములొస్తాయనే కదా చెప్పేది. రాత్రంతా కాటేజీ కిటికీ దగ్గర కూర్చుని మబ్బుల మ్యాప్ చూడటం నా డ్యూటీ అయింది. నార్వే వాతావరణ శాఖ వాళ్ల యాప్‌లో గంట గంటకీ మబ్బు ఎంత శాతమో వస్తుంది, పైన మబ్బు, మధ్య మబ్బు, కింది మబ్బు విడివిడిగా. పై మబ్బు పల్చగా ఉంటే దాంట్లోంచి అరోరా కనబడొచ్చు, కింది మబ్బుకి మాత్రం మందు లేదు.

అక్కడ్నుంచి కరిగస్నియెమి దగ్గర వంతెన దాటితే నార్వే. పాస్‌పోర్ట్ అడిగేవాళ్లే లేరు, ఫోన్‌లో గడియారం మాత్రం గంట వెనక్కి వెళ్లింది. ఆ అవతల కరాష్యోక్, నార్వేలోని సామీల పార్లమెంట్ ఉన్న ఊరు. నార్వేలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 51.4, అక్కడిదే, 1886లో. మాకు మైనస్ 24 తగిలింది. పెట్రోల్ బంక్‌లో దిగగానే ముక్కులో వెంట్రుకలు గట్టిపడి గుచ్చుకున్నాయి, రెప్ప వేస్తే పై రెప్ప కింది రెప్పకి అతుక్కుంది. అన్నట్టు ట్యాంకు సగానికి వస్తే నింపేసుకోండి, తర్వాతి బంక్ వంద కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు.

ఆల్టాలో మొదటిసారి ఏదో కనిపించింది. ఉత్తరాన తెల్లగా పల్చటి గీత, పొగో మబ్బో తెలియదు. మా ఆయన "ఇదేనా?" అన్నారు. ఆ గొంతులోని నిరాశ నాకింకా గుర్తే. ఫోన్ నైట్ మోడ్‌లో పెట్టి తీస్తే ఆకుపచ్చ! ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి, మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఇన్‌స్టాలో చూసినంత పచ్చగా ప్రతిసారీ కంటికి ఉండదు. ఆల్టా పక్క కొండ మీద 1899లో కట్టిన హాల్దే అబ్జర్వేటరీ ఉంది, అరోరా కోసమే కట్టిన తొలి శాశ్వత అబ్జర్వేటరీ అదే. సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాల వల్లే ఈ వెలుగు వస్తుందని చెప్పిన బిర్కెలాండ్ కట్టించాడు. ఆయన బతికుండగా చాలామంది నమ్మలేదు, ఉపగ్రహాలు వచ్చాక గానీ రుజువు కాలేదు. తర్వాత నార్వే వాళ్లు ఆయన బొమ్మని 200 క్రోనర్ల నోటు మీద వేశారు.

ఇక ట్రోమ్సో. అందమైన ఊరు, ఒప్పుకుంటాను, కానీ సముద్రం పక్కన. మేం చేరేసరికి పడమటి గాలి, ఆకాశం మూత పెట్టేసినట్టుంది. హోటల్‌కి డబ్బులు కట్టాం, స్నానం చేశాం, కుక్కర్‌లో అన్నం పెట్టాం. అప్పుడు మళ్లీ మ్యాప్ తెరిచాను. తీరమంతా వందకి వంద శాతం మబ్బు, కానీ లోపలికి, షిబోటన్ లోయ దగ్గర, ఖాళీ. కారణం తేలికే, మధ్యలో లింగెన్ పర్వతాలున్నాయి, అన్నిటికన్నా ఎత్తైన శిఖరం పద్దెనిమిది వందల మీటర్ల పైనే. సముద్రం మీది మబ్బులు వాటికి తగిలి తీరం వైపే కురిసేస్తాయి, లోపలి లోయ పొడిగా మిగులుతుంది. ట్రోమ్సో నుంచి టూర్ వ్యాన్‌లు కూడా మబ్బు పట్టినప్పుడు అటే, ఫిన్లాండ్ సరిహద్దు వైపు పరిగెడతాయి. ఈ8 రోడ్డు, నూట అరవై కిలోమీటర్లు, మంచులో రెండున్నర గంటలు.

"ఇప్పుడా? రేపు రాత్రి చూద్దాం, రూముకి కట్టిన డబ్బు పోతుంది" అన్నారు మా ఆయన.

"ఈ ఒక్క రాత్రిదే కదా పోయేది, రేపటిది క్యాన్సిల్ చేసేద్దాం. రేపు అటు కూడా మబ్బే చూపిస్తోందండీ" అన్నాను.

ఆయన ఫోన్ తీసుకుని ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా అన్నం టిఫిన్ డబ్బాలోకి సర్దారు. రోడ్డు తెరిచే ఉందో లేదో నార్వే రోడ్ల శాఖ సైట్‌లో చూసుకున్నాం, కొండ మీద గాలి ఎక్కువైతే ఆ దారి మూసేస్తుంటారు. ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెంట వెళుతున్నంతసేపూ సన్నగా మంచు పడుతూనే ఉంది. షిబోటన్ దగ్గర మలుపు తిరిగి లోయలోకి ఎక్కుతుంటే ఒక్కో చుక్కా కనబడటం మొదలైంది. కిల్పిస్యార్వి దగ్గర, మళ్లీ ఫిన్లాండ్‌లోకి వచ్చాక, పార్కింగ్ బోర్డు ఉన్న చోట ఆపి లైట్లన్నీ ఆర్పేశాం. దయచేసి రోడ్డు అంచున ఆపొద్దు, చీకట్లో లారీలు వస్తుంటాయి.

అక్కడ కూర్చుని కందిపొడి అన్నం తిన్నాం. సౌర గాలిని, అంటే సూర్యుడి నుంచి వచ్చే ఆ కణాల ప్రవాహాన్ని, కొలిచే ఉపగ్రహం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దాని లెక్క వచ్చాక ఆ గాలి మన దగ్గరికి చేరడానికి సుమారు గంట. ఆ గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందో దక్షిణానికి ఉందో చెప్పే బీజడ్ అనే అంకె మైనస్‌లోకి పోవాలి, కేపీ కన్నా ఇది చూడటం నయం. మైనస్ ఆరుకి పోయింది. ముందు ఉత్తరాన మామూలు గీత, ఆల్టాలో చూసిందే. కాసేపటికి అది లావెక్కి, ఒక చివర మెరిసి, ఏమవుతోందో తెలిసేలోపే నెత్తి మీదికి వచ్చేసింది. ఈసారి రంగు కంటికే తెలిసింది. ఆకుపచ్చ చీరకి గులాబీ అంచులా, ఆ అంచు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పరిగెత్తింది. ఆకుపచ్చ ఆక్సిజన్‌ది, నూరు నూటయాభై కిలోమీటర్ల ఎత్తులో. కింది గులాబీ నైట్రోజన్‌ది. ఇదంతా నాకు ముందే తెలుసు, ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు, నోట్లోంచి "అమ్మో, అమ్మో" తప్ప మాట రాలేదు. మా ఆయన టోపీ తీసేసి మంచులో వెల్లకిలా పడుకున్నారు, చెవులు ఎర్రబడిపోయేదాకా. పావుగంట ఉందేమో ఆ జోరు. తర్వాత ఆకాశమంతా అతుకులు అతుకులుగా వెలిగి ఆరుతూ చాలాసేపు ఉంది.

ఫోటోల సంగతి: ట్రైపాడ్ ఉండాలి, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, షట్టర్ అరోరా నిదానంగా ఉన్నప్పుడు ఎనిమిది పది సెకన్లు, జోరుగా కదిలేటప్పుడు రెండు మూడు, ఫోకస్ ఒక చుక్క మీద చేత్తో సెట్ చేసుకోవాలి. బ్యాటరీలు చలికి ఇట్టే చచ్చిపోతాయి, స్పేర్‌వి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. వెచ్చటి కారులోకి కెమెరా తెచ్చేముందు బయటే జిప్ కవర్‌లో మూసేయండి, లేకపోతే లెన్స్ అంతా ఆవిరి పట్టేస్తుంది. మంచి ఫోటోలు మాకు వచ్చినవి జోరు తగ్గాకే, ముందు పావుగంట ఇద్దరం కెమెరా ముట్టుకోలేదు.

పొద్దున్నే అత్తగారికి వాట్సాప్‌లో పంపితే, "ఇది నిజమేనా, మీరు కలిపిందా?" అన్నారు. కిల్పిస్యార్విలో దొరికిన రూములో మధ్యాహ్నం దాకా పడుకుని, మువొనియో, కిత్తిలా మీదుగా నాలుగొందల కిలోమీటర్లకి పైగా నడుపుకుంటూ రోవనియెమి చేరాం. దారిలో ఒక లారీ ఎగరేసిన గులకరాయి అద్దానికి తగిలి చిన్న చిల్లు పడింది. కారిచ్చిన కౌంటర్‌లో దాన్ని టార్చి వేసి మరీ పరిశీలించారు, అద్దం ఇన్సూరెన్స్ కాగితం చూపించాక సంతకం పెట్టించుకుని వదిలేశారు. వైరు కూడా లెక్కపెట్టి తీసుకున్నారు.