ట్రాన్స్‌ఫర్ టీఏ: లారీ బిల్లుతో పడిన తిప్పలు

హైదరాబాద్ నుంచి తిరుపతికి బదిలీ అయినందుకు పెట్టిన టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు నిన్నటికి పాసైంది. మాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, జీతాల శ్రేణిలో లెవెల్ 6. రాష్ట్ర ఉద్యోగుల లెక్కలు వేరు, వాటికి ఇది చూసుకోవద్దు.

సులువైనవి ముందు చెప్పేస్తా. ఆర్డర్లో 'ప్రజా ప్రయోజనార్థం' అని ఉండాలి. సొంత రిక్వెస్టు మీద వస్తే పైసా రాదు. రెండు ఊళ్ల మధ్య 20 కిలోమీటర్లు దాటి, ఇల్లు కూడా మారితే చివరి నెల బేసిక్‌లో 80 శాతం బదిలీ గ్రాంటుగా ఇస్తారు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ ఏసీ టికెట్లు జతచేశాం, అదీ అయిపోయింది.

పేచీ అంతా సామాను దగ్గరే. లెవెల్ 6కి 6,000 కిలోల దాకా, రోడ్డు మీదైతే కిలోమీటరుకు 50 రూపాయలు. డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ రేటు 25 శాతం పెరగాలి. 2024 జనవరిలో డీఏ 50కి చేరింది కాబట్టి 62.50. మనకు 560 కిలోమీటర్లు అనుకుంటే 28,000 కాదు, 35,000. అడక్కపోతే పాత రేటే వేస్తారు. అయితే ఇది గరిష్ఠం మాత్రమే, రసీదులో తక్కువుంటే అంతే ఇస్తారు.

ప్యాకర్లు అన్నీ కలిపి 38,500 అని ఒకే లైను రాసిచ్చారు. ప్యాకింగు ఖర్చు ఆ 80 శాతం గ్రాంటులోనే ఉంది, మళ్లీ ఇవ్వరు. లారీ బాడుగ 31,500, ప్యాకింగు 7,000 అని విడదీసి మళ్లీ బిల్లు తెప్పించేసరికి వారం పట్టింది. బండి కదలకముందే రాయించుకోండి, డబ్బు ముట్టాక వాళ్లు ఫోనెత్తరు.

తర్వాత అసలు అవమానం. నా టికెట్టు, గ్రాంటు జాయినైన వెంటనే పెట్టేశాను. ఇల్లు దొరికి సామాను దిగింది జాయినైన 47వ రోజు. లారీ బిల్లు 70వ రోజు పెట్టాను. బిల్లుల సీటులోని ఆయన ఫైలు ఇటు తోసి, నలుగురి ముందర, "అరవై రోజులు దాటిపోయింది సార్, రూలు తెలీదా?" అన్నాడు. ఆ రూలు నాకు తెలుసు, 2018 మార్చిలో ఏడాది గడువును 60 రోజులకు కుదించారు. ఆయనకు తెలియంది మిగతా సగం: మన ప్రయాణం, కుటుంబం ప్రయాణం, సామాను దేనికది విడి లెక్క. సామానుకు గడువు కొత్త ఊళ్లో మన చేతికి అందిన రోజు నుంచి మొదలు. ఆ రూలు ప్రింటు తీసి చూపిస్తే, "మరి దిగిన తేదీ ఏదీ?" అన్నాడు. రసీదులో హైదరాబాద్‌లో ఎక్కించిన తేదీ ఒక్కటే ఉంది. దాన్నుంచి లెక్కేసినా పాతిక రోజులే కదా అంటే వినడే! చివరికి డ్రైవరు దగ్గర నేను సంతకం, తేదీ వేసిచ్చిన డెలివరీ కాపీ తెప్పిస్తే నోరు మూతపడింది. ఆ కాపీ జిరాక్సు ఒకటి మీ దగ్గరా ఉంచుకోండి.

కుటుంబం, మీరు పాత ఆఫీసులో రిలీవయ్యే రోజుకు నెల ముందు నుంచి ఆరు నెలల తర్వాత దాకా ఎప్పుడొచ్చినా ఛార్జీ వస్తుంది. భార్యాభర్తలిద్దరికీ 60 రోజుల్లోపే బదిలీ అయితే గ్రాంటు ఒకరికే. 60 రోజులు దాటి ఆరు నెలల్లోపైతే రెండోవాళ్లకు సగం.