నాన్న కింది రెప్ప బిగించారు

నాన్న ఎడమ కంట్లోంచి ఎప్పుడూ నీళ్లు కారేవి. ఒకచోట చుక్కల మందు రాసిచ్చారు, ఇంకోచోట కన్నీటి నాళం మూసుకుపోయిందేమో అన్నారు. రెప్పల సర్జరీలు చేసే డాక్టరమ్మ మాత్రం ముందుగా కింది రెప్పను వేలితో కిందికి లాగి వదిలారు. గట్టిగా ఉన్న రెప్ప టక్కున కనుగుడ్డుకి అతుక్కోవాలట. నాన్నది అలాగే వేలాడి, ఆయన కళ్లార్పాక గానీ సర్దుకోలేదు.

రెప్ప ఇలా వదులై బయటికి తిరగడాన్ని ఎక్ట్రోపియాన్ అంటారు. ముక్కు వైపు రెప్ప అంచున కన్నీళ్లు దిగే సన్నని రంధ్రం ఉంటుంది. వయసుతో రెప్ప వదులై బయటికి తిరిగితే ఆ రంధ్రమూ కంటికి దూరమైపోతుంది. ఇక నీళ్లు చెంప మీదికే. పైగా నాన్న కండువాతో కిందికి తుడిచి తుడిచి రెప్పను ఇంకా సాగదీశారు.

మరి రెప్ప బిగించే ఆపరేషన్‌లో కోత చెవి వైపు మూలలో ఎందుకు? నులక మంచం కుంగితే మధ్యలో ముట్టుకోం కదా, కాళ్ల వైపు తాడు బిగిస్తాం.

పేరు లేటరల్ టార్సల్ స్ట్రిప్. 1979లో ఆండర్సన్, గోర్డీ అనే డాక్టర్లు ప్రచురించిన పద్ధతి. మత్తు అక్కడి వరకే. బయటి మూల కోసి, కింది రెప్పను ఎముకకు పట్టి ఉంచే గట్టి నారను, అంటే స్నాయువు పాయను, విడదీస్తారు. రెప్ప లోపలి గట్టి పలకే టార్సస్. దాని చివర చర్మం, వెంట్రుకల అంచు, లోపలి పొర తీసేసి పట్టీలా చేస్తారు. ఎక్కువైన పొడవు కత్తిరించి ఎముక మీది పొరకు కుడతారు.

పనితనమంతా ఆ కుట్టులోనే ఉంది. అది కంటి గూటి ఎముక అంచు మీద కాదు, అంచు దాటి లోపలి వైపు పడాలి. ముందుకు పడితే రెప్ప గుడ్డుకి ఆనదు, కిందికి పడితే మూల జారినట్టు కనిపిస్తుంది. కొద్దిపాటి వదులైతే స్నాయువును విడదీయకుండా కుట్టుతో బిగించే కాంథోపెక్సీ ఉందట. నాన్నకి అది చాలదన్నారు.

రక్తం పలచబడే మాత్ర సంగతి గుండె డాక్టర్ని అడిగాకే తేదీ ఇచ్చారు. పై కుట్లు వారానికి తీశారు. మూల ముట్టుకుంటే ఇంకా నొప్పే.

"ఎడమ కన్ను కాస్త పైకి లాగినట్టుందండీ" అని అమ్మ గొడవ. కావాలనే కొంచెం ఎక్కువ బిగిస్తామనీ, వారాలు గడిచేకొద్దీ దిగుతుందనీ డాక్టరమ్మ చెప్పారు. అమ్మ మాత్రం రోజూ కాఫీ ఇస్తూ రెండు కళ్లూ పోల్చి చూస్తూనే ఉంది.