సీజే-3బీ ముందు చక్రాల ఊగుడు: కింగ్ పిన్ బేరింగులు మార్చినా లొంగలేదు

ఈ ఆదివారం ఎంత ఆశతో నా పాత సీజే-3బీ జీపు తీశానో అంత చిరాకుతో తిరిగొచ్చాను. ముందు చక్రం కుడికి ఎడమకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బేరింగులు రెండు వైపులా కొత్తవి, షిమ్ములు (బిగువు సరిచేసే పలచటి రేకులు) లెక్క చూసి వేసినవి, టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు కొంచెం లోపలికి తిరిగి ఉండటం) కొలిచి పెట్టింది. నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు మీద కనగల్ దాటాక పొద్దున్నే ట్రాఫిక్ ఉండదు, అక్కడే నా టెస్టింగ్. ఇంతకుముందు ఊగుడు మొదలయ్యే 48 కిలోమీటర్ల వేగం దాటింది, ఏం కాలేదు. 50, 52, 54, స్టీరింగ్ చేతిలో నిమ్మళంగా ఉంది. అయిపోయింది, గెలిచాం అనుకుంటుండగా 55 దగ్గర రోడ్డు మీద తారు అతుకు ఒకటి ఎడమ చక్రానికి తగిలింది. అంతే, ముందు చక్రాలు రెండూ బోనాల్లో పోతరాజులా ఊగడం మొదలుపెట్టాయి. పక్క సీట్లో ఉన్న మా మేనల్లుడు డాష్‌బోర్డు పట్టుకుని "మామా ఆపు, ఆపు" అంటున్నాడు. ఆపాలని నాకూ తెలుసు, కానీ బ్రేకు గట్టిగా తొక్కితే ముందుకు బరువు పడి ఊగుడు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను ఊరికే పట్టుకుని, 20 కిందికి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

పాత జీపు నడిపినవాళ్లకు ఈ ఊగుడు కొత్త కాదు. నడపనివాళ్లకు రెండు మాటల్లో చెప్తా. 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు పోతుంది. 48 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 13.3 మీటర్లు, అంటే చక్రం సెకనుకు ఆరు చుట్లు. స్టీరింగ్ కూడా దాదాపు అదే లెక్కన కుడికి ఎడమకి కొట్టుకుంటుంది, పట్టుకుంటే బొటనవేలు పోయేంత గట్టిగా. అందుకే పాత డ్రైవర్లు స్టీరింగ్ లోపలికి బొటనవేలు పెట్టరు.

మిగతా పనుల సంగతి ఒక్క ముక్కలో: కార్బురేటర్ కుదిరింది, నాలుగు బ్రేకు డ్రమ్ములూ పడుతున్నాయి, రేడియేటర్ మే నెల ఎండకు కూడా నిలబడింది. ఇంజను గురించి చెప్పాల్సిందేం లేదు, హరికేన్ పెట్రోలు ఇంజను ఆయిలు పోసి వదిలేస్తే దాని పని అది చేసుకుంటుంది.

ఇక ఊగుడు. కింగ్ పిన్‌ల దాకా ఎలా వచ్చానో మొదటి నుంచి చెప్తా. మొదట అందరూ చెప్పేది టైర్లు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూశాను. తేడా లేదు. గాలి 26 నుంచి 28కి పెంచితే కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది, 20కి దించితే 40 దగ్గరే మొదలు. బ్యాలెన్సింగ్ అంటారు కొందరు, నేను ఒప్పుకోను. బ్యాలెన్స్ లేకపోతే నున్నటి రోడ్డు మీద కూడా ఒక వేగం దగ్గర దానంతట అదే వణకాలి, ఆ వేగం దాటితే తగ్గాలి. నా బండికి నున్నటి రోడ్డు మీద 60లో కూడా వణుకు రాలేదు, గుంతో అతుకో తగిలితేనే వస్తుంది, వచ్చాక వేగం దించేదాకా పోదు. అంటే ఎక్కడో వదులు ఉంది, ఆ వదులులో చక్రం ఇటూ అటూ ఆడుతుంటే దాన్ని అణచాల్సిన రాపిడి చాలడం లేదు.

తర్వాత క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం. డిజిటల్ యాంగిల్ గేజ్ కింగ్ పిన్ మూత మీద పెట్టి చూస్తే ఎడమ 1 డిగ్రీ, కుడి 2.5. సర్వీసు పుస్తకంలో ఉండాల్సింది 3. రెండు వైపులా ఒకటిన్నర డిగ్రీ తేడా ఎందుకొచ్చిందో నాకు రెండు అనుమానాలు: ఎడమ కమాన్ కట్ట కుడిదానికంటే ఎక్కువ కుంగింది, లేదా యాక్సిల్ గొట్టం ఎప్పుడో ఒకప్పుడు మెలిపడింది. నాకంటే ముందు ఈ బండి ఏ బండను గుద్దుకుందో ఎవరికి తెలుసు. లేత్ షాపులో 2 డిగ్రీల ఏటవాలు ముక్కలు చేయించి కమాన్‌కు, యాక్సిల్‌కు మధ్య పెట్టించాను. ఇనుపవే చేయించండి, అల్యూమినియంవి చవకగా వస్తాయి గానీ యు-బోల్టు బిగింపుకు నలిగిపోయి, నెలలోపే బోల్టులు వదులవుతాయి. క్యాస్టర్ ఎడమ 3, కుడి 4.5 అయింది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అదే చక్కగా వెనక్కి వస్తోంది, కానీ ఊగుడు 48 నుంచి 42కి దిగొచ్చింది! చక్రం నడిమికి తిరిగొచ్చే బలం పెరిగితే, వదులు ఉన్నచోట అది నడిమి దాటి అవతలికి కూడా అంతే బలంగా పోతుంది. కుడివైపు ముక్క తీసేసి ఎడమవైపుది మాత్రం ఉంచాను. ఇప్పుడు 3, 2.5. మళ్లీ 48.

అప్పుడు కింగ్ పిన్‌ల మీద పడ్డాను. ఈ యాక్సిల్‌లో చక్రాన్ని తిప్పే నకిల్ పైనా కిందా రెండు కోన్ బేరింగుల మధ్య తిరుగుతుంది, పై మూత కింద ఉండే షిమ్ములే దాని బిగువును నిర్ణయిస్తాయి. షిమ్ములు తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఊడదీసి, ఆయిల్ సీలు తీసేసి, రాడ్ తగిలే రంధ్రానికి వేలాడే కాంటా కొక్కెం తగిలించి లాగితే 12 నుంచి 16 పౌండ్ల దగ్గర కదలాలి, అంటే దాదాపు 5.5 నుంచి 7.2 కిలోలు. నా బండిలో ఎడమది 2 కిలోలకే కదిలింది, కుడిది 3.5. దొంగ దొరికాడనుకున్నాను. పాత బేరింగు గిన్నెల్లో రోలర్లు ఒకేచోట ఆడీ ఆడీ గీతలు గీతలుగా గుంతలు పడ్డాయి, వేలితో తడిమితే తెలుస్తోంది.

బేరింగులు రాణిగంజ్ పోయి తెచ్చాను. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: కింగ్ పిన్‌కు, హబ్‌కు బేరింగ్ అంటే టిమ్‌కెన్ కొనండి, లేకపోతే ఎస్‌కెఎఫ్. డబ్బాలో పేరు లేకుండా వచ్చే కిట్లలో సీలు, ఫెల్టు, షిమ్ములు వాడుకోవచ్చు గానీ బేరింగు వాడొద్దు. షిమ్ములు 3, 5, 10, 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) సైజుల్లో వస్తాయి. ఎడమవైపు 10 థౌ షిమ్ము తీస్తే 5.8 కిలోలు, ఇంకో 3 థౌ తీస్తే 6.6. కుడివైపు 10 థౌ తీయగానే 6.4. బాగానే కుదిరింది. టో-ఇన్ 2 మిల్లీమీటర్లు, పుస్తకం ప్రకారం 1.2 నుంచి 2.4 మధ్య ఉండాలి.

దీనంతటికీ వచ్చిన లాభం 7 కిలోమీటర్లు. 48 కాస్తా 55 అయింది.

మా మేనల్లుడిది కొత్త థార్. "డాంపర్ ఏసుకుంటే అయిపోతది కదా మామా" అంటాడు. స్టీరింగ్ ఊగుడును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది అది. వాడి బండికి ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, రెండు చక్రాలను కలిపే ఒకే ఇరుసు లేదు, కాబట్టి ఈ బాధ వాడికి పుట్టుకతోనే లేదు. డాంపర్ వేస్తే ఊగుడు కనిపించకుండా పోతుంది, లోపలి వదులు మాత్రం అరుగుతూనే ఉంటుంది. అమెరికాలో జీప్ రాంగ్లర్‌కు ఇప్పటికీ ముందు సాలిడ్ యాక్సిలే, వాళ్లదీ ఇదే గోల, 2018 తర్వాతి మోడల్‌కు కంపెనీయే కొత్త డాంపర్ వేసిచ్చింది. అంత పెద్ద కంపెనీ ఆ దారి పట్టిందంటే నేనెవరిని కాదనడానికి, కానీ వదులెక్కడో తేలేదాకా నేను మాత్రం వేయను.

అసలు ఈ ముందు భాగం ఇలా ఎందుకుందో తెలియాలంటే 1940కి పోవాలి. అమెరికా సైన్యం చిన్న బండి కావాలని కంపెనీలను పిలిచి, నమూనా బండికి ఇచ్చిన గడువు 49 రోజులు. బరువు 1300 పౌండ్లు దాటొద్దన్నారు, అది ఎవరి వల్లా కాలేదు, తర్వాత వాళ్లే పెంచారు. గడువులోపు బండి తెచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే, కార్ల్ ప్రోబ్‌స్ట్ డిజైను, సెప్టెంబర్ 23న హోలాబర్డ్ క్యాంపుకు చేర్చారు. కొత్త యాక్సిల్ తయారు చేసేంత టైమ్ ఎక్కడిది? యాక్సిళ్లు చేసే స్పైసర్ వాళ్లు స్టూడీబేకర్ చాంపియన్ కారు యాక్సిల్‌ను మార్చి ఇచ్చారు. చివరికి పెద్ద ఆర్డరు విల్లీస్ అనే ఇంకో కంపెనీకి పోయింది, దానికి ముఖ్య కారణం వాళ్ల ఇంజనీరు బార్నీ రూస్ చేసిన 60 హార్స్‌పవర్ ఇంజను. ఫోర్డు కూడా విల్లీస్ డిజైనే చేసింది. ఇద్దరూ కలిసి యుద్ధంలో 6 లక్షలకు పైగా బండ్లు చేశారు. పాపం బాంటమ్‌కు మిగిలింది ట్రెయిలర్ల పని.

1945లో విల్లీస్ దాన్ని రైతు బండిగా మార్చింది, అదే సీజే-2ఏ. సైన్యం బండికి యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టుకు యాక్సిల్‌కు వచ్చే షాఫ్టు తిరిగే చుట్లు) 4.88 అయితే దీనికి 5.38. నాగలి లాగడానికి, వెనక బెల్టు తగిలించి మిషన్లు తిప్పడానికి పెట్టిన రేషియో అది. టాప్ గేర్‌లో 50 పోతే ఇంజను 2000 ఆర్‌పీఎం మీద ఉంటుంది, 80 పోతే 3200 దాటుతుంది. అంటే ఈ బండి పొలానికి, రాళ్లకు పుట్టింది, హైవేకు కాదు. 1953లో వచ్చిన సీజే-3బీకి ఆ ఎత్తు బానెట్ అందం కోసం పెట్టింది కాదు. హరికేన్ ఇంజనులో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి పోయాయి, ఇంజను ఎత్తు పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు. చాలామందికి ఆ పొడుగు మొహం నచ్చదు. నాకు మాత్రం అదే నచ్చింది, చేయి పెడితే ఇంజనులో ప్రతిదీ అందుతుంది.

మహీంద్రా కథ తెలిసిందే, 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో స్టీలు వ్యాపారంగా మొదలైంది. విభజన తర్వాత భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ పోయి ఆర్థికమంత్రి అయ్యారు, 1948లో కంపెనీ పేరు మారింది, బొంబాయిలో విల్లీస్ భాగాలు తెప్పించి జీపులు బిగించారు. అమెరికాలో 3బీని 1968లో ఆపేసినా ఇక్కడ ఆ రూపం దశాబ్దాల పాటు నడిచింది. మా నల్లగొండ, పాలమూరు వైపు జీపు అంటే ఒకప్పుడు ఇరిగేషన్ ఇంజనీరు, ఎన్నికల మైకు, లేదా పన్నెండు మందిని కుక్కుకుని పోయే సర్వీసు బండి. అందుకే ఇక్కడ పాత బండి దొరకడం కష్టం కాదు, అరగని బండి దొరకడం కష్టం. తమాషా ఏంటంటే ఇదే మహీంద్రా 2018లో రాక్సర్ పేరుతో అమెరికా పోతే, మొహం జీపులా ఉందని జీపు పేరు చేతిలో ఉన్న కంపెనీ కేసు వేసింది, మహీంద్రా గ్రిల్ మార్చాల్సి వచ్చింది. లైసెన్సు తీసుకుని ఇన్నేళ్లు చేసినవాళ్లకు ఆ మొహం మీద ఆమాత్రం హక్కు లేదా అనిపిస్తుంది నాకు, కోర్టులు అలా చూడవు లెండి.

సరే, ఇప్పుడు మిగిలిన అనుమానం బెల్ క్రాంక్. మన 3బీలో స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే డ్రాగ్ లింక్ నేరుగా చక్రానికి పోదు, మధ్యలో ఈ బెల్ క్రాంక్‌కు తగులుతుంది, అక్కడి నుంచి రెండు టై రాడ్లు చెరో చక్రానికి పోతాయి. ఆదివారం తిరిగొచ్చాక ముందు భాగం జాకీల మీద లేపి, మేనల్లుడిని ఎడమ చక్రం గట్టిగా పట్టుకోమని కుడి చక్రం ఆడిస్తే రిమ్ము దగ్గర 4 మిల్లీమీటర్లు ఆడుతోంది. టై రాడ్ ఎండ్లు నాలుగూ కొత్తవే. డయల్ గేజ్ బెల్ క్రాంక్ మీద పెట్టి పైకీ కిందికీ లేపితే 1.2 మిల్లీమీటర్లు. అక్కడ 1.2 అంటే చక్రం చివర ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మా మెకానిక్ ఉస్తాద్ కింద దూరి చూసి "గీడనే ఉన్నది సార్ మీ రోగం, గ్రీజు పోక పిన్ను తిన్నది" అన్నాడు. పిన్ను బయటికి తీస్తే కిందివైపు 23.78, పైవైపు నీడిల్ రోలర్లు తిరిగేచోట 23.52. అసలు కొలత 15/16 అంగుళం, అంటే 23.81. గ్రీజు నిప్పుల్ లోపల గట్టిపడిన పాత గ్రీజు రాయిలా ఉంది, కొత్త గ్రీజు పైన కొడుతుంటే పక్క నుంచి బయటికి వచ్చేది గానీ పిన్నుకు చేరేది కాదన్నమాట.

కాకపోతే ఇదొక్కటే కారణమని నేను ఇంకా నమ్మడం లేదు. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు బిగించినచోట రంగు కింద సన్నటి గీత ఒకటి కనిపిస్తోంది, అది రంగు పగులా, ఛాసిస్ పగులా రంగు గీకితే గానీ తెలియదు. పాత జీపుల్లో అక్కడ పగలడం మామూలే. బాక్స్ లోపల రాస్ రకం లివర్‌కున్న రెండు పిన్నులు కూడా చూడాలి, స్టీరింగ్ నడిమిలో అంగుళంన్నర ఊరికే తిరుగుతోంది, దాన్ని అడ్జస్టింగ్ స్క్రూతో బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తోంది. అంటే నడిమిలో అరిగింది, పక్కల అరగలేదు.

ఈ వారం బెల్ క్రాంక్ పిన్ను, నీడిల్ బేరింగులు, వాషర్ల కిట్టు తెప్పిస్తున్నా. దొరికే కిట్లలో పిన్ను 7/8, 15/16 రెండు సైజుల్లో ఉంటుంది, ఆర్డరు పెట్టేముందు మైక్రోమీటరుతో కొలవండి, స్కేలు పెడితే తేడా తెలియదు. కిట్టులో పిన్ను మెత్తటిదొస్తే లేత్‌లో ఈఎన్-24 రకం స్టీలు రాడ్డుతో చేయించి గట్టిపరిపించాలని ఉంది. తర్వాత ఛాసిస్ రంగు గీకడం, వెల్డింగ్ అవసరమైతే ప్లేటు కూడా వేయించడం. అదయ్యాక 60 మీద తారు అతుకు తగిలినా నిలబడితే డిండి దాకా పోయి, అక్కడి నుంచి అచ్చంపేట మీదుగా మన్ననూరు ఘాటు ఎక్కించాలి. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ బాక్స్) 'లో' గేర్ నుంచి ఎగిరి బయటపడుతోందని ఉస్తాద్ అంటున్నాడు, నాకింకా అలా జరగలేదు, ఘాటు రోడ్డు దిగేటప్పుడు దాని సంగతీ తేలుతుంది. షిఫ్టర్ రాడ్ స్ప్రింగులు, బాల్సు ముందే కొనిపెట్టుకుంటున్నా.