చార్లెస్ జార్డిన్ డాన్ గురించి ఎలా వెతికానంటే – నా అనుభవం

మెల్‌బోర్న్‌లో ఎలక్ట్రీషియన్‌ని. ఇక్కడ కార్మిక సంఘాల భవనం ట్రేడ్స్ హాల్ ఎదురుగా ఒక స్తంభం ఉంటుంది, పైన గోళం, దాని కింద 888 అంకెలు. పనికి 8 గంటలు, విశ్రాంతికి 8, మన సొంతానికి 8. 1856 ఏప్రిల్ 21న రాతిపనివాళ్లు యూనివర్సిటీ కట్టడం దగ్గర పని ఆపేసి పార్లమెంట్ దాకా ఊరేగింపుగా వెళ్లారు. ఆ చరిత్ర చదువుతుంటే డాన్ పేరు తగిలింది. వలసొచ్చిన రాతిపనివాడు శాసనసభకు వెళ్లాడంటే, వదలబుద్ధి కాలేదు.

ముందు పార్లమెంట్ సైట్‌లో మాజీ సభ్యుల వివరాలు చూశాను. తర్వాత ట్రోవ్. నేషనల్ లైబ్రరీ వాళ్లది, పాత పేపర్లన్నీ ఉచితం. డాన్ అని కొడితే సంబంధం లేనివి కుప్పలు తెప్పలుగా వచ్చి తల తిరిగింది. కాలింగ్‌వుడ్ అనే నియోజకవర్గం పేరు కలిపి, 1859 నుంచి 1864 వరకు అని తేదీలు పెట్టాక దారిలో పడింది. ఆ రోజుల పేపర్లో అక్షరాలు చీమల బారులా ఉంటాయి, కంప్యూటర్ చదివిన పాఠం నిండా తప్పులే, అందుకని పేజీ బొమ్మనే పెద్దది చేసుకుని చదవాలి. తప్పు కనిపిస్తే ఎవరైనా సరిదిద్దొచ్చు, నేను చదివిన వాక్యాలు నేను దిద్దుతూ వెళ్లాను.

1820లో స్కాట్లాండ్‌లో పుట్టాడు, మొదట మగ్గం నేశాడు, ఓటుహక్కు కోసం పోరాడిన చార్టిస్టుల్లో తిరిగాడు. 1853లో ఇక్కడికొచ్చి రాతిపనిలో దిగాడు. 1859లో కాలింగ్‌వుడ్ నుంచి గెలిచాడు, అప్పటికి మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా ఇంకా బ్రిటిష్ వలస రాజ్యమే. సభ్యులకు జీతం లేదు! అందుకే పగలంతా రాయి చెక్కి, సాయంత్రం సభలో కూర్చునేవాడు. అటక మీద వైరింగ్ లాగి ఇంటికొస్తే నాకు అన్నం తినే ఓపిక కూడా ఉండదు, ఆయన అలా వెళ్లి భూముల చట్టాల మీద వాదించాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ కాలంలో వలసొచ్చిన వాళ్లందరికీ తలుపులు తెరిచిలేవు. 1855 చట్టం ప్రకారం ఇక్కడ దిగే చైనీయుల తరఫున తలకి 10 పౌండ్లు కట్టాలి. డాన్‌ని ఎంత గౌరవించినా ఇది పక్కన పెట్టలేను.

ఆయన 1866లో, యాభై నిండకుండానే పోయాడు. సభ్యులకు జీతమిచ్చే చట్టం 1870లో వచ్చింది.

ఇప్పుడు సభలో ఆయన ప్రసంగాలు చదువుతున్నాను. ఎవరికైనా ఇలాంటి వెతుకులాట ఉంటే తేదీలు, ఊరి పేరు పెట్టి మొదలుపెట్టండి.