కాప్ అంటే కొండ

పోయిన ఫిబ్రవరిలో యాన్‌ఫీల్డ్ చూసొచ్చాను, అదే ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల స్టేడియం, అప్పట్నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నా కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయా. గోల్స్ గురించి, కప్పుల గురించి చాలామంది రాస్తారు. నాకు మాత్రం అక్కడ ఒక పేరు మనసులో ఉండిపోయింది, దాని గురించే చెప్తా.

మా తమ్ముడు మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, వాడితో కలిసి పొద్దున్నే ట్రైన్‌లో లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ దాకా వెళ్లి అక్కడ బస్సెక్కాం. బస్సు ఊళ్లోంచి మెల్లగా ఎత్తుకి ఎక్కుతూ పోతుంది, రెండు పక్కలా ఒకదానికొకటి అతుక్కున్న ఇటుక ఇళ్లు, ఇక్కడ స్టేడియం ఏంట్రా అనుకుంటుండగానే ఆ ఇళ్ల వెనక నుంచి పెద్ద స్టాండ్ కనిపించింది. ఊరవతల ఖాళీ జాగాలో కట్టింది కాదు ఇది, జనం కాపురాలుండే వీధుల మధ్యే ఉంది.

అసలు మొదట్లో యాన్‌ఫీల్డ్ లివర్‌పూల్‌ది కాదు. 1884 నుంచి ఇక్కడ ఆడింది ఎవర్టన్ అని అదే ఊరి ఇంకో క్లబ్, 1891లో లీగ్ గెలిచింది కూడా ఇక్కడ ఉండగానే. స్థలం ఓనర్ జాన్ హోల్డింగ్ అని బీరు తయారీ వ్యాపారి, ఎవర్టన్ ప్రెసిడెంట్ కూడా ఆయనే, అద్దె దగ్గర, క్లబ్‌ని ఎలా నడపాలన్న దగ్గర మిగతావాళ్లతో పడలేదు. 1892లో ఎవర్టన్ వాళ్లు సామాను సర్దుకుని స్టాన్లీ పార్క్ అవతలికి, గుడిసన్ పార్క్‌కి వెళ్లిపోయారు. హోల్డింగ్ చేతిలో గ్రౌండ్ ఉంది, ఆడేవాళ్లు లేరు. దాంతో కొత్త క్లబ్ పెట్టాడు, అదే లివర్‌పూల్. 1892 సెప్టెంబర్ 1న రోథరమ్ టౌన్ మీద మొదటి మ్యాచ్, 7-1తో గెలిచారు.

ఇక నేను చెప్పాలనుకున్న పేరు. 1906లో రెండోసారి లీగ్ గెలిచాక గోల్ వెనకాల వాల్టన్ బ్రెక్ రోడ్ వైపు పెద్ద మట్టిగట్టు లాంటి స్టాండ్ కట్టారు, అక్కడి పేపర్‌లో స్పోర్ట్స్ ఎడిటర్‌గా ఉన్న ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి స్పియన్ కాప్ అని పేరు పెట్టాడు. అది దక్షిణాఫ్రికాలో, నేటాల్‌లో ఒక కొండ. 1900 జనవరిలో బోయర్లతో, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లతో, జరిగిన యుద్ధంలో ఆ కొండ మీద బ్రిటిష్ సైనికులు వందల్లో చచ్చిపోయారు, వాళ్లలో లాంకషైర్ రెజిమెంట్ల వాళ్లు, లివర్‌పూల్ కుర్రాళ్లు చాలామంది. నిటారుగా ఉన్న ఆ గట్టు, దాని మీద కిక్కిరిసిన జనం చూస్తే అప్పటివాళ్లకి ఆ కొండ గుర్తొచ్చింది. ఇంగ్లండ్‌లో వేరే గ్రౌండ్లకీ ఈ పేరుంది కానీ ఇప్పుడు కాప్ అంటే అందరికీ యాన్‌ఫీల్డే.

ఇంతవరకు నాకు ముందే తెలుసు. తెలియనిది ఏంటంటే అదే యుద్ధంలో గాంధీ గారు ఉన్నారు. తుపాకీ పట్టుకుని కాదు, స్ట్రెచర్లు మోస్తూ. నేటాల్‌లో ఇండియన్ అంబులెన్స్ కోర్ అని ఒక దళం పెట్టారు, దాదాపు 1,100 మంది, అందులో 300 మంది దాకా స్వతంత్రులు, మిగతా 800 మంది చెరుకు తోటల్లో ఒప్పంద కూలీలు. స్పియన్ కాప్ దగ్గర బ్రిటిష్ వాళ్లకి దెబ్బ తగిలినప్పుడు గుళ్లు పడే చోటికి కూడా వెళ్లి గాయపడ్డవాళ్లని మోసుకొచ్చారు, కొన్నిసార్లు రోజుకి 20, 25 మైళ్లు నడిచారు. ఆయన తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు ఇదంతా.

ఆ కూలీలు ఎవరు? 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ వెళ్లినవాళ్లలో తమిళులు, మన తెలుగువాళ్లే ఎక్కువ. ఆ 800 మందిలో మనవాళ్లు లేకుండా ఉండరని నేను గట్టిగా నమ్ముతున్నా. ఏ విశాఖ వైపు నుంచో పోయినవాడు ఒకడు, ఏ లివర్‌పూల్ రేవు కూలీ కొడుకునో భుజాన మోసుకుంటూ ఆ కొండ దిగి ఉంటాడు. ఇది తెలిశాక కాప్ అన్న మాట నాకు ఇదివరకటిలా వినపడట్లేదు.

1928లో కాప్‌కి పైకప్పు వేశారు, అప్పుడు ఆ ఒక్క స్టాండ్‌లోనే దాదాపు 28 వేలమంది నిలబడేవాళ్లు. సీట్లు లేవు, ఒకళ్ల మీద ఒకళ్లు, గోల్ పడితే జనం మొత్తం అలలాగా కిందికి జారేవాళ్లంట. అంతమంది పాడితే ఆ శబ్దం పైకప్పుకి తగిలి మళ్లీ గ్రౌండ్ మీదే పడుతుంది. పిచ్ పొడవు కూడా ఇక్కడ 101 మీటర్లే, చాలాచోట్ల 105 ఉంటుంది, ఆ దగ్గరతనం నిలబడి చూస్తేనే అర్థమైంది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో తొక్కిసలాట జరిగింది, మ్యాచ్ చూడ్డానికి వెళ్లిన లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ వారమంతా యాన్‌ఫీల్డ్ గేట్లు తెరిచే ఉంచారు, జనం తెచ్చిన పూలు కాప్ ముందు నుంచి పిచ్ మీదికి పరుచుకుంటూ పోయాయి. ఎవర్టన్ వాళ్లూ వచ్చారు. గుడిసన్ నుంచి యాన్‌ఫీల్డ్ దాకా, పార్క్ మీదుగా, లివర్‌పూల్ ఎరుపు, ఎవర్టన్ నీలం స్కార్ఫులు ముడేసి కలిపారు. ఒకప్పుడు అద్దె దగ్గర విడిపోయిన రెండు గ్రౌండ్లు. స్మారకం దగ్గర పేర్ల పక్కన వయసులు చదువుతుంటే మా తమ్ముడు ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, వాడికంటే చిన్నవాళ్లు ఎంతమందో.

దాని తర్వాతే పెద్ద గ్రౌండ్లన్నిటికీ సీట్లు తప్పనిసరి చేశారు. 1994 ఏప్రిల్ 30న కాప్‌లో నిలబడి చూసిన ఆఖరి మ్యాచ్, నారిచ్ చేతిలో 1-0తో ఓడిపోయారు. ఇప్పుడున్నది కొత్తగా కట్టింది, 12 వేల పైచిలుకు సీట్లు. పాతది పోయిందని బాధపడేవాళ్లు ఉన్నారు కానీ 97 పేర్లు చదివొచ్చాక నేనైతే సీట్లే ఉండాలంటాను.

వీధుల మధ్య ఉందన్నాను కదా, దానికి ఒక ధర ఉంది, అది కట్టింది ఆ వీధుల్లోవాళ్లు. ఇప్పుడు కెన్నీ డాల్గ్లీష్ స్టాండ్ ఉన్నచోట ఒకప్పుడు కెమ్లిన్ రోడ్ ఇళ్లు. క్లబ్ ఒక్కొక్కటే కొనేసింది, ఇద్దరు అక్కచెల్లెళ్లు మాత్రం మేం అమ్మం అని ఏళ్ల తరబడి ఆ వీధిలో మిగిలిపోయారు, వాళ్లు ఒప్పుకున్నాకే 1992లో స్టాండ్ పూర్తయింది. 2016లో పెద్దది చేసిన మెయిన్ స్టాండ్ వెనక కూడా అంతే, కొనేసిన ఇళ్లు ఏళ్లకి ఏళ్లు ఖాళీగా పాడుబడి, పక్కవాళ్లు ఆ పాడుబడ్డ గోడల మధ్యే బతికారు. యాన్‌ఫీల్డ్ రోడ్ వైపు కూడా పెంచాక ఇప్పుడు 61 వేలు పైన పడతారు. నేను ఈ క్లబ్‌ని ఎంత ప్రేమిస్తానో నాకు తెలుసు, అయినా ఈ విషయం నాకు ముల్లులాగానే ఉంటుంది.

2019 మే 7 రాత్రి, మనకైతే అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, బార్సిలోనాతో మొదటి మ్యాచ్‌లో 0-3తో ఓడి వచ్చారు, గోల్స్ కొట్టే సలా లేడు ఫిర్మినో లేడు, అయినా 4-0 కొట్టారు. హైదరాబాద్‌లో ఇంట్లోవాళ్లు లేస్తారని నోటికి దిండు అడ్డం పెట్టుకుని అరిచాను. టూర్‌లో కాప్‌లో కూర్చోబెట్టినప్పుడు ముందుగా చూసింది ఆ కార్నర్ జెండానే, మా ఆటగాడు ట్రెంట్ చటుక్కున కొట్టిన కార్నర్‌ని డివోక్ ఒరిగి గోల్‌లో వేసింది ఈ కాప్ ముందరే. ఖాళీ స్టేడియం, సన్నగా వాన, పక్కన ఎవరో చిన్నపిల్లాడు పాట మొదలుపెట్టాడు, వాళ్ల నాన్న అందుకున్నాడు.

బయటికి వచ్చాక కాప్ పక్కనే జెండా కర్ర చూడండి, అది మామూలు కర్ర కాదు, గ్రేట్ ఈస్టర్న్ అనే పాతకాలం మహా ఓడ స్తంభం. ఓడని దగ్గర్లోనే విరగ్గొడుతుంటే ఆ స్తంభాన్ని తెచ్చి గుర్రాలతో ఎత్తు మీదికి లాగించారు. బొంబాయికి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేసింది కూడా ఆ ఓడే. దాని కింద చాలాసేపు నిలబడ్డాను, తమ్ముడు బస్సు పోతుందని పిలుస్తున్నా.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా నేటాల్ ఓడల గురించి చెప్పి ఉంటే, అక్కడికి పోయినవాళ్ల పేర్లు ఏవైనా గుర్తుంటే, నాకు రాయండి. ఆ స్ట్రెచర్లు మోసిన మనవాడి పేరు ఒక్కటైనా తెలుసుకోవాలని ఉంది.