ఈసారి కాళ్ళు గీద్దామని

జంతువుల బొమ్మలు వేసేవాళ్ళకి ముఖంతో పెద్ద పేచీ ఉండదు. కళ్ళు, ముక్కు, చెవులు ఎలాగోలా కుదిరిపోతాయి. చిక్కంతా కాళ్ళతోనే. గేదె ఎంత బరువుందో, కొంగ ఎంత తేలిగ్గా ఉందో చెప్పేది అవి నేల మీద ఆనే తీరు. అది కుదరకే కొత్తగా గీసేవాళ్ళ పుస్తకాల్లో ప్రతి జంతువూ మోకాళ్ళ లోతు గడ్డిలో నిలబడి ఉంటుంది. డిసెంబర్లో సెలవులు దొరగ్గానే నేను స్కెచ్ పుస్తకం, నీటి రంగులు, కెమెరా సర్దుకుని గోదావరి డెల్టాకి బయల్దేరింది ఈ కాళ్ళ కోసమే. ఉప్పు బురద, కాలవ గట్టు, కోత అయిన పొలం, కొబ్బరి తోట, ఇసుక అన్నీ పక్కపక్కనే ఉండే నేల అది. ఒక్కో చోట ఒక్కో రకంగా అడుగు వెయ్యాలి.

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం నాది. బొమ్మలు, గుడ్డతో కుట్టే జంతువులు, ఫొటోలు సాయంత్రాల పని. గురువంటూ ఎవరూ లేరు కాబట్టి చూసి నేర్చుకోవాల్సిందే.

రాజమండ్రిలో దిగగానే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని పనితనం గుర్తించి ప్రోత్సహించారు. అందరూ పెద్ద తైలవర్ణ చిత్రాల ముందు ఆగుతారు. నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినవి పెన్సిల్ స్కెచ్‌లు. ఎక్కడ పెన్సిల్ నొక్కాలో, ఎక్కడ గీతని అలా వదిలెయ్యాలో ఆ చేతికి బాగా తెలుసు. బరువు పడే చోట గీత ముదురుతుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను.

కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మేకతోలుని శుభ్రం చేసి, వెలుతురు ఇవతలికి కనిపించేంత పల్చగా అయ్యాక దాని మీద బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొడతారు. దీపం వెలుగు ఆ చిల్లుల్లోంచి వస్తేనే నగలు మెరుస్తాయి, లేడి ఒంటి మీద చుక్కలు కనిపిస్తాయి. నేను చూస్తానన్నది మాయలేడి బొమ్మే. పెద్దాయన దాన్ని చాప మీద పరిచి కాళ్ళు చూపించారు. కాళ్ళు ఒంటితో కలిపి కోసినవి కావు. వేరేగా కోసి, చిల్లులోంచి దారం దూర్చి రెండు వైపులా ముడి వేశారు.

"ముడి బిగిస్తే లేడి చచ్చిపోద్దమ్మా. వదులుగా ఉండాలి. నేను ఒళ్ళు కదుపుతానంతే, కాళ్ళు వాటంతట అవే పరిగెడతాయి," అన్నారు.

బొమ్మని ఎత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మణికట్టు ఒక్కసారి తిప్పారు. ముందుకాళ్ళు మడత పడి, వెనకకాళ్ళు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చాయి. ఆ ఆలస్యంలోనే గెంతు ఉంది. నా గుడ్డ జంతువుల కాళ్ళు కూడా ఇకమీదట ముడులతోనే వేలాడతాయి. అది అక్కడే తేల్చుకున్నాను.

మర్నాడు కోరింగ. కాకినాడ నుంచి యానాం రోడ్డులో వెళ్ళాలి. 1978లో అభయారణ్యం అయిన మడ అడవులివి. మడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్ల మధ్య నుంచి చెక్క వంతెన మీద నడుస్తూ వెళ్ళొచ్చు. ఉప్పుపొన్నకి కాండం నుంచే ఊత వేర్లు దిగి బురదలో పాతుకుంటాయి. మడ చెట్టు చుట్టూ శ్వాసవేర్లు బురదలోంచి నిటారుగా పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి వేరే పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి. మొదటి రెండు పేజీలూ చెట్ల కాళ్ళకే అయిపోయాయి.

ఇక్కడికి ఫొటోల కోసం వచ్చేవాళ్ళు ఆటుపోట్ల వేళలు కనుక్కుని రావాలి. పోటు మీద వస్తే చెట్లూ నీళ్ళే కనిపిస్తాయి. నీరు తీశాక బురద బయటపడుతుంది, అప్పుడు దాని మీదకి జనం వస్తారు. నేను జనం అంటున్నది ఒక గోటి పీత, బురద మీద గెంతే చేప, తెల్లకొంగ, లకుముకి పిట్ట వీళ్ళని. మగ గోటి పీతకి ఒక డెక్క, అంటే ముందుండే కొండి, ఒంటికి మించి ఉంటుంది. దాన్ని పైకెత్తి ఊపుతూ ఉంటుంది. అందరూ ఆ డెక్కనే ఫొటో తీస్తారు. మిగతా ఎనిమిది కాళ్ళూ ఆ బరువుని ఎలా సర్దుకుంటున్నాయో చూస్తే ఇంకా బాగుంటుంది. ఇక ఆ చేపకి కాళ్ళే లేవు. ముందు రెక్కల మీద ఆనుకుని, ఒంటిని ఈడ్చి, ఆగి, మళ్ళీ ఈడుస్తుంది. తోక గట్టిగా కొట్టిందంటే గెంతు. బురద మీద రెక్కల అచ్చులు రెండు వైపులా, మధ్యలో పొట్ట ఈడ్చిన గీత. అంత చక్కటి గీత నేను చేత్తో గియ్యలేను. దాన్నలాగే ఫొటో తీసుకున్నాను.

మధ్యాహ్నం పడవలో పాయలోకి వెళ్ళాం. నడిపేది ఊళ్ళో పెద్దవయసు మత్స్యకారుడు. నేను బాబాయ్ గారూ అంటుంటే, ఆయన మేడంగారూ అనడం మాని కాసేపటికే అమ్మా అన్నారు. ఒడ్డున ఒక చిన్న తెల్లకొంగ నిలబడి ఉంది. నల్లటి కాళ్ళు, పసుప్పచ్చ పాదాలు. ఒక్క కాలు నీళ్ళలో పెట్టి గజగజా వణికిస్తోంది.

"చలనుకుంటున్నారా? ఆయ్, కాదండి. బురద కదుపుతోంది. కిందున్న చేప బెదిరి పైకి రావాలి కదండీ మరి," అన్నారు బాబాయ్ గారు.

అంటుండగానే అది మెడ విసిరి ఏదో అందుకుంది.

కెమెరా గురించి ఒక మాట. నల్లటి బురద మీద తెల్లకొంగని తీస్తే కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. కొంగ ఈకలన్నీ కలిసి తెల్లటి ముద్దయిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తే, అంటే లోపలికొచ్చే వెలుతురుని సగం చేస్తే, ఈక ఈకా విడిగా వస్తుంది. పడవలో వీలైనంత కిందకి వంగి, కొంగ కంటి ఎత్తులో లెన్స్ పెట్టాలి. పైనుంచి తీస్తే కాళ్ళు కురచైపోతాయి, పిట్ట ఎక్కడ నిలబడిందో తెలీదు.

ఆ కొంగ ఎంతసేపు కదలకుండా ఉందంటే స్కెచ్ పుస్తకం తీసి నింపాదిగా గీశాను. కొంగ కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గర ఈకల్లో దాగి ఉంటుంది. అంటే కొంగ బతుకంతా వేళ్ళ మీదే నడుస్తుంది. ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవచ్చు. ఎదురుగా అది అడుగెత్తి, వేళ్ళన్నీ ముడుచుకుని, మళ్ళీ విప్పి దించడం చూశాకే నా పెన్సిల్‌కి ఎక్కింది. బురదకి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపాను. ఆ తేమ గాలికి కాగితం ఆరనే లేదు. ఒక రకంగా అదే మంచిదైంది, కొంగ పాదం చుట్టూ రంగు మెత్తగా పాకి తడి బురదలాగే వచ్చింది.

కోరింగకి అందరూ చూడాలని వచ్చేది బావురు పిల్లిని. నీటి పిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది, చేపలు పట్టుకుని తింటుంది, ఎక్కువగా రాత్రి పూట తిరుగుతుంది. ఆ పిల్లి కనిపించలేదు. కానీ పాయ మలుపులో బాబాయ్ గారు మోటారు ఆపి గెడతో పడవని ఒడ్డు వారకి తోశారు. మెత్తటి బురద మీద అచ్చులు, నీళ్ళ దాకా వెళ్ళి, అక్కడ నాలుగైదు ఒకదాని మీద ఒకటి పడి, పక్కకి తిరిగి పొదల్లోకి వెళ్ళిపోయాయి. వచ్చి, నీళ్ళ ఒడ్డున కాచుకుని కూర్చుని, లేచి వెళ్ళిందన్నమాట. వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు సన్నగా పడ్డాయి. మామూలు పిల్లులకి గోళ్ళు పూర్తిగా లోపలికి పోతాయి, దీనికి కొసలు బయటే ఉంటాయి. ముందు పంజా వేళ్ళ మధ్య కొంచెం చర్మం కూడా ఉంటుంది.

కొంతమంది ఫొటో కోసం చేపలు ఎర వేద్దామంటారని బాబాయ్ గారు బాధపడ్డారు. నాకూ అది చాలా తప్పనిపిస్తుంది. మనిషి చేతి చేపకి అలవాటు పడ్డ పిల్లి ఊళ్ళోకి వస్తుంది, వస్తే బతకనివ్వరు. అచ్చులు గీసుకుని వెనక్కి తిరిగాం. ఆ పేజీ నాకు ఈ ప్రయాణం మొత్తంలో ఇష్టమైన పేజీ.

యానాం దాటి, గోదావరి పాయ గౌతమి మీద వారధెక్కి అమలాపురం వైపు మా మేనమామ గారి ఊరు చేరాను. అత్తయ్య పెట్టిన భోజనాల గురించి రాస్తే ఇది ఆగదు. సార్వా (వానాకాలం వరి) కోతలైపోయి, దాళ్వా (రెండో పంట) నాట్లకి ఇంకా నీళ్ళు పెట్టని రోజులవి. పొలాల్లో బాతుల మందలు దిగాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటూ ఒక చేలోంచి ఇంకో చేలోకి పోతుంటాయి. కాపరి పొడుగాటి కర్ర పట్టుకుని ఏదో ఒక పక్క నిలబడితే చాలు, మందంతా రెండో పక్కకి ఒరుగుతుంది. రాత్రికి వల కట్టి దొడ్లో పెడతారు, తెల్లారకుండానే గుడ్లు ఏరుతారు. మందని గియ్యాలంటే ఒక్కో బాతుని గియ్యకూడదు. ముందు వరసలో మూడు నాలుగు బాతులకి కాళ్ళు సరిగ్గా పడితే, వెనకవన్నీ చుక్కలైనా నడుస్తున్నట్టే ఉంటాయి. కాలు ముందుకి తెచ్చేటప్పుడు వేళ్ళ మధ్య తోలు ముడుచుకుంటుంది, నేల మీద ఆనగానే విచ్చుకుంటుంది. నడకలో ఆ ఒరుగుడంతా కాళ్ళు ఒంటికి వెనకగా, ఎడంగా ఉండడం వల్లే.

కాలవలో గేదెలు కూడా ఉన్నాయి గానీ, నీళ్ళలో ఉన్న గేదెకి కాళ్ళు కనపడవు. సాయంత్రం గట్టెక్కేటప్పుడు చూశాను. అంత బరువు మీద పడగానే గిట్టలు రెండుగా విడిపోయి బురదలో పరుచుకుంటాయి, పైకి లాగేటప్పుడు దగ్గరకొస్తాయి. అందుకే బురదలో ఆవు ఆగిపోయే చోట కూడా గేదె నడిచిపోతుంది.

ఆ పక్క కొబ్బరి తోటలో సంక్రాంతికి కోళ్ళని పెంచుతున్నారు. మామయ్య తీసుకెళ్ళాడు. డేగ, కాకి, సేతువ, నెమలి, మైల, అబ్రాసు. కోడి రంగుని బట్టి అక్కడ పేరు. అబ్రాసు మెడ మీద బంగారు రంగు ఎండలో ఎలా ఉందంటే, పసుపు, నారింజ, గోధుమ రంగులు ఒకదాని మీద ఒకటి పల్చగా వేసుకుంటూ పోవాలి, కలిపి వేస్తే చచ్చుబడిపోతుంది. పెంచేవాడు ఒక డేగని చంకలో పెట్టుకుని కాలు నా చేతికిచ్చాడు. పొలుసులు వరసలుగా, పైన వెడల్పుగా, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి చిన్నగా. వెనక ముల్లు. కాలు వెచ్చగా ఉంది.

"కత్తి కట్టేది ఇక్కడేనండి," అని ఆ ముల్లు పక్కన వేలు పెట్టి చూపించాడు.

ఇంత ప్రేమగా బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి పెంచిన కోడిని ఒక్క పూటలో చంపేసుకోవడం నాకు మింగుడు పడదు. పందేల మీద నిషేధం ఉంది, అయినా ఆగడం లేదు. ఆ మాట మామయ్యతో అన్నాను. "నువ్వు చెప్పింది నిజమే గానీ అమ్మలూ, ఊళ్ళో వినేదెవరు?" అన్నాడు. నేను డేగ కాలు గీశాను, పొలుసు పొలుసునా గీశాను. కత్తి గియ్యలేదు, గియ్యను.

చివరికి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి ఇంకో పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్ళాను. లేసు అల్లికల ఊరు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడి ఆడవాళ్ళకి వచ్చిన పని, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఇళ్ళల్లోనే సాగుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా బొమ్మల్లో ఒకదాన్ని లేసులో అల్లించుకోవాలని కోరిక. అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని అల్లుతున్నారు. వాళ్ళలో పెద్దావిడ కొక్కెం సూది ఒళ్ళో పెట్టుకుని నా స్కెచ్ పుస్తకం మొదటి నుంచీ తిప్పారు. పిల్లి అచ్చుల పేజీ దగ్గర ఆగి, ఏంటమ్మా ఇది అని అడిగి విన్నారు. కొంగ బొమ్మ చూసి తల అడ్డంగా ఊపారు.

"బొమ్మ బాగుందండి. కాళ్ళతోటే చిక్కు. మాది గళ్ళ లెక్క. గడి నింపుతాం, లేకపోతే ఖాళీ వదుల్తాం. కాలు నిలువుగా ఉంటే గడి మీద గడి వచ్చేస్తాది. ఇలా ఏటవాలుగా ఉంటే మెట్లు మెట్లుగా పడద్ది."

దారిలో ఒక చెరువు గట్టున గీసిన పిట్ట ఉంది పుస్తకంలో. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అంటారు. ఒంటికంటే పొడుగ్గా కనిపించే ఎర్రటి కాళ్ళు, చెరో పక్క కర్ర పాతినట్టు నిటారుగా. ఆవిడ దాని మీద వేలు పెట్టారు. గళ్ళ కాగితం తెప్పించి, నా చేతే గీయించారు. కాలికి ఒక గడి వెడల్పు, ఇరవై గళ్ళ పొడుగు. పాదం దగ్గర నేను మూడు గళ్ళు నింపితే ఒకటి రబ్బరుతో చెరిపేసి, "పిట్ట తేలిగ్గా ఉండాలి కదండీ," అన్నారు.

దారం తెలుపే తీసుకుందామనుకున్నాం. కాళ్ళకి మాత్రం ఎరుపు వెయ్యాలా వద్దా అన్న దగ్గర అరుగంతా రెండుగా చీలింది. చిన్నవాళ్ళు వెయ్యాలన్నారు, ఆవిడ వద్దన్నారు. నేను చిన్నవాళ్ళ పక్షాన నిలబడ్డాను. అడ్వాన్సు ఇచ్చి, హైదరాబాద్ అడ్రసు రాసిచ్చాను. పండగ పనులైపోయాక మొదలుపెడతామన్నారు.