సోలాపూర్ దాకా వెంట వచ్చిన జాగిలం

ముంబయిలో గడిపిన నాలుగు రోజుల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాన తెరిపి ఇవ్వలేదు, చూడాలనుకున్నవాటిలో సగం చూడలేదు, చూసినవాటిని గొడుగు కింద నుంచే చూశాను. రాయాలనిపించేది తిరుగు ప్రయాణం నాటి రాత్రి గురించి, ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో హైదరాబాదు బండి కోసం ఎదురుచూసిన మూడు గంటల గురించి, ఆ మూడు గంటల్లో నేను దగ్గరగా చూసిన ఒక పోలీసు జాగిలం గురించి.

కొండల మీదుగా సాగే ఘాట్ సెక్షన్‌లో వాన ఉధృతంగా ఉండటంతో బండ్లన్నీ ఆలస్యమయ్యాయి. తొమ్మిది గంటలకే స్టేషనుకు చేరుకున్న నేను, బోర్డు మీద మారిపోతున్న సమయాలను చూసి చూసి విసిగిపోయి, దూరప్రయాణపు ప్లాట్‌ఫారం చివర, పార్సిళ్లు పేర్చి ఉన్న చోట జనం పలచగా ఉన్నారని అక్కడికి వెళ్లి నా పెట్టె మీదే కూర్చున్నాను. కాసేపటికి గోధుమ రంగు ల్యాబ్రడార్ ఒకటి, దాని పట్టీ పట్టుకొని ఒక యువకుడు, నాలుగడుగుల వెనక మరొకతను అటువైపు వచ్చారు. జాగిలం నా పెట్టెను, ఒళ్లోని చేతిసంచిని వాసన చూసి ముందుకు కదిలింది. అది నా మోకాలికి రాసుకుంటూ వెళ్తుంటే నా చెయ్యి అప్రయత్నంగా దాని వీపు మీదకు పోయింది. ఆ యువకుడు వెంటనే హిందీలో, మర్యాదగానే, పనిలో ఉంది, ముట్టుకోవద్దని అన్నాడు. "అయ్యో, తెలియలేదు బాబూ" అని నా నోట తెలుగు మాట వచ్చేసరికి అతడి ముఖం విప్పారింది. "మీరు తెలుగువాళ్లా అక్కా? మాది సోలాపూర్" అన్నాడు. మహారాష్ట్రలోని సోలాపూర్‌కు మగ్గాల పని కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన మన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి నాకు కలిగిన సంతోషం వేరుగా చెప్పనక్కర్లేదు.

పేరు అడిగితే తన పేరు చెప్పాడు గానీ జాగిలం పేరు చెప్పలేదు. కొత్తవాళ్లు పేరు పెట్టి పిలిస్తే దాని ధ్యాస చెదిరిపోతుందట. పట్టీ పట్టుకొని జాగిలాన్ని నడిపించే మనిషిని వాళ్లు హ్యాండ్లర్ అంటారు. శిక్షణలో చేరిన నాటి నుంచి ఆ జాగిలానికి అతడే హ్యాండ్లర్. వెనక వస్తున్నతను రెండో హ్యాండ్లర్. మొదటివాడు సెలవు మీద వెళ్లినా జ్వరంతో పడుకున్నా జాగిలం కొత్త చేతుల్లో పడకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

ఇరవై నిమిషాల పాటు దాని పనిని కళ్లార్పకుండా చూశాను. తోక నిలకడగా ఊగుతూ ఉంటుంది, ముక్కు నేలకు బెత్తెడు ఎత్తులో కదులుతూ ఉంటుంది, సంచి కుట్టు దగ్గర, జిప్పు దగ్గర, పెట్టె మూత కలిసే చోట క్షణం ఆగుతుంది. చాలా దగ్గరకు వచ్చినప్పుడు దాని ముక్కు రంధ్రాల పక్కన ఉన్న సన్నని చీలికలు కదలడం కనిపించింది. వదిలే గాలి ఆ చీలికల గుండా పక్కలకు పోతుంది గనుక ఎదురుగా ఉన్న వాసన చెదరకుండా లోపలికి అందుతూనే ఉంటుంది. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలు ఉంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయని నేను ఎప్పుడో చదివాను. చదివినప్పుడు అది అంకె మాత్రమే. తడిసిన గోనెసంచుల కంపు, ఇనుము వాసన, జనం చెమట వాసన తప్ప నాకు ఏదీ తెలియని ఆ చోట, అది ఒక్కొక్క సంచిని ఒక్కొక్క పుటలా చదువుకుంటూ పోతుంటే ఆ అంకెకు అర్థం తెలిసింది.

అంతలో ఒక పార్సిల్ మూట దగ్గర జాగిలం ఆగి, మరోసారి గాలి పీల్చి, చప్పుడు లేకుండా కూర్చుండిపోయి హ్యాండ్లర్ ముఖంలోకి చూసింది. మొరగలేదు, కాలితో గీకలేదు. పేలుడు పదార్థాలను పట్టే జాగిలానికి నేర్పే మొదటి కట్టుబాటు అదేనని నాకు తెలుసు గనుక నా గుండె ఆగినంత పనైంది. చేతిసంచి గుండెలకు హత్తుకొని లేచి నిలబడ్డాను. ఆ యువకుడు మాత్రం ఆనందంగా దాని పేరు అరిచి, జేబులోంచి టెన్నిస్ బంతి తీసి విసిరాడు. అప్పటివరకు అంత గంభీరంగా ఉన్న ప్రాణి ఒక్కసారిగా కూనలా మారిపోయి, బంతిని నోట కరుచుకొని అతడి చుట్టూ గిరగిరా తిరిగింది. ఆ మూటలో అతడి సహచరుడు ముందుగానే శిక్షణలో వాడే నమూనా ఉన్న చిన్న డబ్బా దాచి ఉంచాడట. "భయపడకండక్కా, మేం పెట్టిందే. నెలల తరబడి వెతికినా ఏమీ దొరక్కపోతే దీనికి పని మీద ఆశ పోతుంది. అందుకే దీనికి దొరికేటట్టు మేమే ఏదో ఒకటి దాస్తాం" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఏమీ దొరకకపోవడమే మనకు క్షేమం, దానికి మాత్రం నిరాశ. బాంబు అంటే ఏమిటో దానికి తెలియదు. ఆ వాసన వెనక బంతి ఉంటుందని, బంతి వెనక ఈ మనిషి సంతోషం ఉంటుందని మాత్రమే తెలుసు. ఎంతోమంది నిశ్చింతగా బండి ఎక్కడానికి కారణమవుతున్న ఆ పని యావత్తూ దానికి ఒకే ఒక మనిషితో ఆడుకునే ఆట.

ఆట ముగిశాక అతడు దాని ఛాతీ చుట్టూ ఉన్న కవచం లాంటి పట్టీని విప్పాడు. జాగిలం తల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించుకొంది. అంతటితో డ్యూటీ దిగినట్టు! పట్టీ వేస్తే పని, విప్పితే విశ్రాంతి అని దానికి బాగా తెలుసని, ఇప్పుడు కావాలంటే ముట్టుకోవచ్చని నాతో అన్నాడు. నేను దాని చెవుల వెనక నిమిరాను. పట్టులా మెత్తగా, వేడిగా ఉన్నాయి. అతడు నేల మీద గొంతుక్కూర్చొని పొడిగుడ్డ తీసి, ఒక్కొక్క పాదం ఎత్తి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచాడు. వానాకాలం ఆ సందుల్లో తడి నిలిస్తే ఇన్ఫెక్షన్ వచ్చి కుంటుతుందట. వేలాడే చెవులను తిరగేసి లోపల చూశాడు. పాదాల మెత్తల మధ్య గాజుపెంకు ఏదైనా గుచ్చుకుందేమోనని బొటనవేలితో తడిమాడు. ఎండాకాలంలో అయితే ముందు తన అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి చూసుకుంటాడట, తను ఓర్చుకోలేని వేడి మీద దాన్ని నడిపించడట.

వేడి సంగతి అతడు పదేపదే చెప్పాడు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా నోరు తెరిచి వగర్చడం ద్వారా ఒళ్లు చల్లబరుచుకోవాలి. వగరుస్తున్నంతసేపు ముక్కుతో సరిగా వాసన పట్టలేదు. అందుకే అరగంట పనికి మించి సాగదీయకుండా విశ్రాంతి ఇవ్వాలి, నీళ్లు పెట్టాలి. పొద్దున్నే నడక, బ్రష్‌తో దువ్వడం, ఆ తరువాత సాధన. పరుగు పెట్టించిన వెంటనే గానీ పరుగుకు ముందు గానీ తిండి పెట్టకూడదు, పెద్ద జాతి కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడితే ప్రాణం మీదకు వస్తుంది. ఇవన్నీ చెబుతున్న మనిషి గొంతులో నాకు అధికారి కన్నా తండ్రి ఎక్కువ వినిపించాడు. ఇంతలో దూరంగా కూర్చున్న కుటుంబం బిస్కెట్టు ఒకటి దాని ముందుకు విసిరింది. జాగిలం బిస్కెట్టును చూసి, అతణ్ణి చూసి, తల తిప్పుకొంది. అతడు బిస్కెట్టు తీసి పక్కన పెట్టి, కొత్తవాళ్లు పెట్టింది తినడం అలవాటైతే రేపు ఎవరైనా విషం పెట్టవచ్చని నాకు మెల్లగా చెప్పాడు. ప్రేమతోనే విసిరారు, కాదనను. కానీ అడిగి విసరవచ్చు కదా అని నాకు కోపం వచ్చింది. గంట ముందు నేను చేసిన పనీ అలాంటిదే.

అతడు కూర్చున్న స్టేషన్ సామాన్యమైనది కాదు. 2008 నవంబరు 26 రాత్రి ఇక్కడ ఏం జరిగిందో మనందరికీ తెలుసు. ఆ దాడుల్లో ముంబయి పోలీసుల బాంబు స్క్వాడ్ జాగిలాలు మ్యాక్స్, టైగర్, సుల్తాన్, సీజర్ పనిచేశాయి. ఇదే స్టేషన్‌లో ఉగ్రవాదులు వదిలిన చేతిబాంబులను పట్టించింది సీజర్. రిటైరయ్యాక వాటిని విరార్‌లోని ఒక తోటలో ఉంచి సాకారు. నాలుగూ 2016లోనే ఒకదాని తరువాత ఒకటి కన్నుమూశాయి, అన్నిటికన్నా చివర సీజర్. 1993లో ఈ నగరంలోనూ చుట్టుపక్కలా 3,300 కిలోలకు పైగా ఆర్డీఎక్స్ అనే పేలుడు పదార్థాన్ని పట్టించిన జంజీర్ అనే జాగిలం 2000లో ఎముకల కేన్సర్‌తో పోయింది. ఈ యువకుడు ఆ పేర్లన్నిటినీ ఇంటి పెద్దల పేర్లు చెప్పినంత మన్ననగా చెప్పాడు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. రాత్రి కాపలాకు తప్ప దానితో ఎవరికీ పని ఉండేది కాదు, పగలంతా గొలుసుతో కట్టేసే ఉండేది. దాని మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం కందిపోయి ఉండటం నాకు గుర్తుంది. దానితో ఆడాలని మాలో ఎవరికీ తోచలేదు. అది మాకు చేసిన పని తక్కువేమీ కాదు. ప్లాట్‌ఫారం మీద ఈ జాగిలం పాదాలను ఒక మనిషి ఒళ్లో పెట్టుకొని తుడుస్తుంటే ఆ కందిపోయిన మెడ కళ్ల ముందుకు వచ్చి బాధ కలిగింది.

పదవీ విరమణ తరువాత ఏమవుతుందని అడిగాను. ఎనిమిది, పదేళ్ల వయసు వచ్చేసరికి ముక్కు, నడుము రెండూ నెమ్మదిస్తాయని, ల్యాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీళ్లు అరుగుతాయని చెప్పాడు. ఇంతకు ముందు తను నడిపిన జాగిలాన్ని అనుమతి తీసుకొని ఇంటికే తెచ్చుకున్నాడట. అది ఇప్పుడు సోలాపూర్‌లో వాళ్ల అమ్మ దగ్గర ఉంది. "అమ్మకు మొదట కుక్కలంటే పడేది కాదక్కా. ఇప్పుడు ఇంటికి ఎవరన్నా వచ్చి సంచి జిప్పు తీస్తే చాలు, అది మెల్లగా లేచి వచ్చి వాసన చూసి ముందర కూర్చుంటుంది. లేవదు. అమ్మ బంతి వేస్తేనే లేస్తుంది. పరుగెత్తలేదు కదా, అందుకని అమ్మ బంతి దొర్లిస్తుంది" అన్నాడు.

బండి పన్నెండున్నర దాటాక వచ్చింది. నేను ఎక్కేటప్పటికి జాగిలం అతడి బూటు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. అది మేలుకుంటుందని అతడు కాలు కదపకుండా చెయ్యి మాత్రం ఊపాడు.

తెల్లవారాక బండి సోలాపూర్‌లో ఆగింది. వాన వెలిసింది. ఎదురు బెర్తు మీదకు కొత్తగా ఒక పెద్దావిడ వచ్చి కూర్చొని, ఏదో వెతుక్కుంటూ సంచి జిప్పు లాగింది. ఆ చప్పుడుకు నేను కిటికీలోంచి ఊరి వైపు చూశాను. బండి కదిలేదాకా చూస్తూనే ఉన్నాను.